అప్‌డేట్ తర్వాత వీడియో ఎక్స్‌పోర్టు నత్తనడక: పాత గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ ఎక్కించుకునేది ఎట్టా?

నెల్లూరు స్టూడియో (సోమవారం రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. నాది నెల్లూరులో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలన్నీ నేనే కూర్చుని ఎడిట్ చేసుకుంటా. ఆరేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, విడిగా 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు అయిపోతుందంటే ముందుగానే 11 ప్రోకి మారినా. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు.

నిన్న రాత్రి షాపు కట్టేసేటప్పుడు ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ అని కనపడితే నొక్కేసి ఇంటికి పోయినా. పొద్దున వచ్చి చూస్తే మిషను మిషనుగా లేదు. తలంబ్రాల సీను ప్లే చేస్తే బియ్యం గాల్లోనే ఆగిపోతా ఉన్నాయి, రెండు సెకన్లకొకసారి కదులుతా ఉన్నాయి. గంట వీడియో ఎక్స్‌పోర్టు కావడానికి మునుపు 40 నిమిషాలు పట్టేది. ఈరోజు పెడితే 3 గంటల 10 నిమిషాలు. ఫ్యాను రొద పక్కగదిలోకి వినపడతా ఉంది.

శుక్రవారం కోవూరు పెళ్లివాళ్లకు పెన్‌డ్రైవ్ చేతికివ్వాలి. ఒక షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టడం తప్ప దారి లేదన్నారు. ఫార్మాట్ అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు, ఆల్బమ్ టెంప్లేట్లు, అనూ ఫాంట్లు అన్నీ మళ్లీ మొదటినుంచి. నాకు రెండు రోజులు పోతాయి. ఫార్మాట్ లేకుండా బయటపడే మార్గం ఉంటే చెప్పండన్నా.

ఒంగోలు హార్డ్‌వేర్ (9.58)

తమ్ముడూ, ఫార్మాట్ మాట ఇప్పుడే వద్దు. పదిహేనేళ్లుగా ఈ పనే చేస్తున్నా. నువ్వు చెప్పినదాన్ని బట్టి విండోస్ పాడైనట్టు లేదు, ఏదో ఒక డ్రైవర్, అంటే విండోస్‌కూ పరికరానికీ మధ్య మాట కలిపే సాఫ్ట్‌వేర్, మారినట్టుంది. కానీ ఏది మారిందో తెలీకుండా చెయ్యి పెట్టకూడదు.

చిన్న వీడియో ఒకటి ఎక్స్‌పోర్టు పెట్టి టాస్క్ మేనేజర్ తెరువు. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ (ప్రాసెసర్) ఎంత, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఎంత వాడుతోందో చూడు. జీపీయూ మీద నొక్కితే ‘వీడియో ఎన్‌కోడ్’ అని ఒక గ్రాఫు ఉంటుంది, అది కదులుతోందా లేదా అనేది ముఖ్యం. తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, అందులో డిస్‌ప్లే అడాప్టర్స్, నీ కార్డు ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్. తేదీ, వెర్షన్ రాసుకో. చివరగా సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, డ్రైవర్ అప్‌డేట్స్. నిన్న అక్కడ ఏం పడిందో చెప్పు.

వేదాయపాళెం గేమర్ (10.05)

అన్నా, నాకూ ఇట్టాగే అయింది, గేమ్‌లో ఫ్రేములు సగానికి పడిపోయినాయి. నేనైతే సర్వీసుల్లోకి పోయి విండోస్ అప్‌డేట్‌నే ఆపేసినా. ఆర్నెల్లుగా ఏ గోలా లేదు. మీరూ అదే చేయండి.

నెల్లూరు స్టూడియో (10.31)

చూసినానన్నా. సీపీయూ 100లో నిలబడి ఉంది. జీపీయూ 2, 3 శాతం. వీడియో ఎన్‌కోడ్ గ్రాఫు నేల మీద గీత గీసినట్టు ఉంది, కదల్లేదు. ఎక్స్‌పోర్టు సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ బూడిదరంగులోకి పోయింది, సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎంచుకోనిస్తా ఉంది. అప్‌డేట్ హిస్టరీలో డ్రైవర్ అప్‌డేట్స్ కింద నిన్నటి తేదీతో ‘డిస్‌ప్లే’ అని నా కార్డు కంపెనీ పేరుతో ఒకటుంది. డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ కూడా పోయిన నెలది.

‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కుదామని చూసినా. అది కూడా బూడిదరంగే.

ఒంగోలు హార్డ్‌వేర్ (10.50)

దొరికింది. కొత్త డ్రైవర్ వచ్చాక నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు కార్డులోని ఎన్‌కోడర్ అందట్లేదు. వీడియోను కుదించే పని చేయడానికి కార్డులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. అది ఖాళీగా కూర్చుంది, మొత్తం బరువు సీపీయూ నెత్తిన పడింది. ఆ ఫ్యాను రొద అందుకే.

మామూలుగా కొత్త డ్రైవర్ ఎక్కినా పాతది వెంటనే పోదు. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్ రిపాజిటరీ అనే ఫోల్డర్‌లో దాచి ఉంచుతుంది. రోల్ బ్యాక్ నొక్కితే అక్కడినుంచే తీసి ఎక్కిస్తుంది. బటన్ బూడిదరంగులో ఉందంటే విండోస్‌కు ఆ పాతది దొరకలేదన్నమాట. ఈ మధ్య డిస్క్ క్లీనప్ ఏమన్నా చేసినావా?

నెల్లూరు స్టూడియో (10.54)

చేసినానన్నా. సి డ్రైవ్ ఎర్రగీత చూపిస్తా ఉంటే పొద్దున్నే అన్ని గళ్లలో టిక్కులు పెట్టి ఓకే కొట్టినా. అందులో ‘డివైస్ డ్రైవర్ ప్యాకేజెస్’ అని కూడా ఉన్నట్టు గుర్తు.

ఒంగోలు హార్డ్‌వేర్ (11.20)

అదే. ఆ గడి టిక్కు పెడితే వాడకంలో లేని పాత డ్రైవర్లన్నీ తుడిచేస్తుంది. పర్వాలేదు, బయటినుంచి తెచ్చుకుందాం.

ముందు ఆ గేమర్ తమ్ముడు చెప్పినదానికి జవాబు. తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, కానీ ఇది నేను ఒప్పుకోను. చెడింది ఒక్క డ్రైవర్. దానికోసం నెలనెలా వచ్చే భద్రతా ప్యాచ్‌లన్నీ ఆపేస్తే, బ్యాంకు లాగిన్, జీఎస్‌టీ రిటర్నులు, కస్టమర్ల ఇంటి ఆడవాళ్ల ఫొటోలు ఉన్న మిషను గడియ లేని తలుపులా ఉంటుంది. డ్రైవర్ల అప్‌డేట్ ఒక్కటే ఆపుకునే దారి వేరే ఉంది, చివర్లో చెప్తా. నువ్వు కూడా ఈ రాత్రికే సర్వీసు ఆన్ చెయ్.

ఇప్పుడు స్టూడియో తమ్ముడు. మీ ల్యాప్‌టాప్ వెనకాల స్టిక్కర్ మీద సీరియల్ నంబరు ఉంటుంది. తయారీ కంపెనీ సపోర్టు పేజీలో అది కొట్టి, గ్రాఫిక్స్ డ్రైవర్ పాత వెర్షన్ దించుకో. గూగుల్‌లో పైన కనపడే డ్రైవర్ సైట్ల జోలికి పోవద్దు, వాటితోపాటు ఏమేం ఎక్కుతాయో చెప్పలేం. ల్యాప్‌టాప్ కంపెనీ దగ్గర లేకపోతే కార్డు కంపెనీ సైట్లో పాత వెర్షన్ల పేజీ ఉంటుంది. సమస్య లేని రోజుల్లో ఏ వెర్షన్ ఉండేదో తెలియాలంటే అప్‌డేట్ హిస్టరీలో దాని ముందుది చూడు. ఫైల్ డి డ్రైవ్‌లో పెట్టుకో.

అట్టాగే డీడీయూ దించుకో. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అంటారు, ఉచితమే. కొత్త డ్రైవర్ ఆనవాళ్లు మిగలకుండా పీకేస్తుంది.

ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా చదువు. డీడీయూను సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ అత్యవసరమైన డ్రైవర్లతోనే లేచే పద్ధతిలో, నడపాలి. మీ మిషన్లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, అక్కడికి పోయేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ కింద ఉంటుంది. ఫోన్లో తెరిచి, కాగితం మీద రాసుకుని, పక్కన పెట్టుకుని మొదలుపెట్టు. పోయినేడాది ఒకాయన ఇది లేకుండా నా దగ్గరకు వచ్చాడు. పాత జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికి మూడు రోజులు తిరిగాడు. సేఫ్ మోడ్‌లో పిన్ ఒక్కోసారి పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ కూడా సరిచూసుకో.

పని మొదలుపెట్టే ముందు వైఫై ఆపెయ్, కేబుల్ ఉంటే పీకెయ్. నెట్ ఉంటే నువ్వు పాతది ఎక్కించేలోపు విండోస్ మళ్లీ కొత్తది దించేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో డీడీయూ తెరిచి, జీపీయూ ఎంచుకుని, నీ కార్డు కంపెనీ ఎంచుకుని, ‘క్లీన్ అండ్ రీస్టార్ట్’. మిషను లేచాక స్క్రీన్ మీద అన్నీ పెద్దవిగా, మసకగా కనపడతాయి. భయపడొద్దు, అది బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ మీద నడుస్తున్నట్టు. అప్పుడు డి డ్రైవ్‌లోని పాత డ్రైవర్ ఎక్కించు, రీస్టార్ట్ చెయ్, ఎక్స్‌పోర్టు పరీక్షించు. అయ్యాకే నెట్ పెట్టు.

ఇందుకూరుపేట రొయ్యల చెరువు (11.34)

నా మాట ఒకటి కలపండి. డెస్క్‌టాప్ వాళ్లు యూపీఎస్ ఛార్జింగు చూసుకుని మొదలుపెట్టండి. మా చెరువు కాడ ఆఫీసులో డ్రైవర్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. లేచినాక నల్ల స్క్రీన్ ఒక్కటే. ఏరేటర్లకు జనరేటర్ ఉంది గానీ కంప్యూటర్ దానికి కలపలేదు.

ఒంగోలు హార్డ్‌వేర్ (11.41)

మంచి మాట చెప్పారు సార్. అట్టాంటప్పుడు విండోస్ లోడయ్యేటప్పుడు పవర్ బటన్ పట్టుకుని ఆపేయడం రెండు మూడు సార్లు చేస్తే రిపేరు స్క్రీన్ దానంతటదే వస్తుంది. అక్కడినుంచి సేఫ్ మోడ్‌కు పోవచ్చు.

నెల్లూరు స్టూడియో (మంగళవారం తెల్లవారుజామున 2.15)

అన్నా, అయింది! కీ అడిగింది, మీరు చెప్పకపోయుంటే అక్కడే కూర్చునుండేవాణ్ణి. 48 అంకెలు మా ఆవిడ చదివి చెప్తుంటే నేను కొట్టినా. డీడీయూ పదినిమిషాల్లో అయిపోయింది. పాత డ్రైవర్ ఎక్కినాక ఎక్స్‌పోర్టు తెరిస్తే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ నల్లగా కనపడింది. అదే గంట వీడియో, 41 నిమిషాలు. వీడియో ఎన్‌కోడ్ గ్రాఫు కొండలా లేచింది. తలంబ్రాలు ఆగకుండా రాలుతున్నాయి. మీ మేలు మర్చిపోను.

చీమకుర్తి కాటా (మంగళవారం పొద్దున 7.20)

రాత్రంతా ఇది చదువుతా కూర్చున్నా. నా సమస్య కొంచెం వేరు, కానీ ఇదీ అప్‌డేట్‌తోనే వచ్చింది. మాది చీమకుర్తి దగ్గర వేబ్రిడ్జి. గెలాక్సీ గ్రానైట్ బ్లాకుల లారీలు కాటా వేసుకునేది మా దగ్గరే. ఇండికేటర్ పెట్టెలో బరువు సరిగ్గా చూపిస్తుంది, 41,260 అని ఎర్ర అంకెలు వెలుగుతానే ఉంటాయి. కంప్యూటర్‌లో మాత్రం సున్నా. ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ ఉంది, పన్నెండేళ్ల నాటిది. చేత్తో బిల్లు రాస్తుంటే లారీవాళ్లు ఒప్పుకోవట్లేదు, ప్రింటు బిల్లే కావాలంటున్నారు. లారీలు రోడ్డు దాకా ఆగినాయి.

ఒంగోలు హార్డ్‌వేర్ (7.32)

డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద పసుపు త్రికోణం ఉందా? దాని పేరేం రాసుందో అక్షరం పొల్లు పోకుండా చెప్పు.

చీమకుర్తి కాటా (7.36)

‘పీఎల్2303హెచ్‌ఎక్స్‌ఏ ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012, ప్లీజ్ కాంటాక్ట్ యువర్ సప్లయర్’ అని ఉంది.

ఒంగోలు హార్డ్‌వేర్ (7.49)

కేబుల్ పాడవలేదు, పారేయొద్దు. కేబుల్ లోపలి ఆ పీఎల్2303 చిప్పు పాత తరానిది. కొత్త డ్రైవర్ దాన్ని చూసి నేను పనిచేయనని ఆగిపోతుంది. పాత డ్రైవర్ ఇస్తే అదే కేబుల్ మళ్లీ పనిచేస్తుంది. నీకు సేఫ్ మోడ్, డీడీయూ ఏమీ అక్కర్లేదు.

త్రికోణం ఉన్నదాని మీద రైట్ క్లిక్, ‘అప్‌డేట్ డ్రైవర్’. కంప్యూటర్‌లో వెతుకు అనే రెండోది ఎంచుకో. తర్వాతి కిటికీలో కింద ‘లెట్ మీ పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్’ అని ఉంటుంది. అది నొక్కితే ఈ చిప్పుకు నీ మిషన్లో ఉన్న డ్రైవర్ వెర్షన్లన్నీ వరసగా కనపడతాయి. 2008 తేదీతో 3.3.2 అని మొదలయ్యేది ఉంటే అది ఎంచుకుని నెక్స్ట్. లేకపోతే కేబుల్‌తో వచ్చిన చిన్న సీడీ వెతుకు, అందులో ఉంటుంది.

త్రికోణం పోయాక కామ్ పోర్టు నంబరు, అంటే ఆ కేబుల్‌కు విండోస్ ఇచ్చే నంబరు, చూడు. డ్రైవర్ మారినప్పుడు ఒక్కోసారి ఆ నంబరు మారిపోతుంది. అప్పుడు కాటా సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గరే ఎదురుచూస్తూ సున్నా చూపిస్తుంది.

చీమకుర్తి కాటా (8.25)

లిస్టులో రెండున్నాయన్నా, 2008ది పెట్టినా. త్రికోణం పోయింది. కానీ ఇంకా సున్నానే. కామ్ 5 అని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో 3 ఉంది, అది మార్చాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, పెట్టినాయన ఊళ్లో లేడు.

ఒంగోలు హార్డ్‌వేర్ (8.28)

సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోవద్దు. పోర్టునే మార్చు. ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్. కింద కామ్ పోర్ట్ నంబర్ అని ఉంటుంది, 3 ఎంచుకో. ‘ఇన్ యూజ్’ అని చూపించినా, ఆ 3 ఈ పాత కేబుల్‌ది అయితే భయం లేదు, ఓకే కొట్టు. కేబుల్ ఒకసారి తీసి పెట్టు.

చీమకుర్తి కాటా (8.37)

41,260 కంప్యూటర్‌లో పడిందన్నా. మొదటి బిల్లు ప్రింటయింది. పోయొస్తా, లారీలు ఆగి ఉన్నాయి.

కావలి డీటీపీ (మంగళవారం మధ్యాహ్నం 1.10)

ఇవన్నీ చూసి నా మిషన్లో డ్రైవర్ తేదీలు చూసుకున్నాను. చాలావాటికి 2006 జూన్ 21 అని ఉంది! ఒకటైతే 1968 అని చూపిస్తోంది. ఇంత పాతవి ఉంటే మిషను నెమ్మదించక ఏమవుతుంది? డ్రైవర్లన్నీ ఒకేసారి అప్‌డేట్ చేసే యాప్ ఒకటి 46 డ్రైవర్లు పాతబడ్డాయి, డబ్బు కట్టమంటోంది. కట్టమంటారా?

ఒంగోలు హార్డ్‌వేర్ (1.45)

అక్కా, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఆ యాప్‌ను ముందు తీసేయండి.

విండోస్‌తోపాటే వచ్చే సొంత డ్రైవర్లకు తేదీ కావాలనే 2006 జూన్ 21 అని పెడతారు. ఒకే పరికరానికి సరిపోయే రెండు డ్రైవర్లు సమానంగా నిలబడినప్పుడు విండోస్ తేదీ చూస్తుంది, ఆ తర్వాతే వెర్షన్. తన సాధారణ డ్రైవర్‌కు కొత్త తేదీ ఉంటే కంపెనీవాళ్లు ప్రత్యేకంగా రాసినదాన్ని తోసేసి అది కూర్చుంటుంది. అట్టా కాకూడదని పాత తేదీ. లోపల కోడు కొత్తదే, వెర్షన్ నంబరు చూస్తే తెలుస్తుంది. ఆ 1968ది ఇంటెల్ చిప్‌సెట్‌ది. జులై 18 అని ఉంటుంది చూడండి, ఆ కంపెనీ పుట్టిన రోజు. కారణం అదే, వేరే డ్రైవర్ మీద పెత్తనం చేయకూడదని.

తేదీ పాతదైతే డ్రైవర్ చెడ్డదని కాదక్కా. స్టూడియో తమ్ముడికి దెబ్బ కొట్టింది పోయిన నెల తేదీ ఉన్నది. మీ మిషను బాగా నడుస్తుంటే దేన్నీ కదిలించొద్దు.

నెల్లూరు స్టూడియో (గురువారం రాత్రి 8.05)

అన్నా, మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం దాకా బాగుంది. అన్నం తిని వచ్చేలోపు స్క్రీన్ ఒకసారి నల్లబడి వెలిగిందని మా కుర్రోడు చెప్పాడు. చూస్తే అదే కొత్త డ్రైవర్. హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పోయింది. రేపే డెలివరీ. ఇంకా రిసెప్షన్ భాగం ఎక్స్‌పోర్టు కావాలి.

ఒంగోలు హార్డ్‌వేర్ (8.12)

తప్పు నాది తమ్ముడూ. డ్రైవర్ల అప్‌డేట్ ఆపే దారి చివర్లో చెప్తానని చెప్పి, నువ్వు అయిందనగానే వదిలేసినా. ఇప్పుడు సులువే. డీడీయూ అక్కర్లేదు. పాతది ఈసారి డ్రైవర్ స్టోర్‌లో ఉంటుంది, రోల్ బ్యాక్ బటన్ వెలిగి ఉండాలి చూడు. వైఫై ఆపి, అది నొక్కు. కారణం అడుగుతుంది, ఏదో ఒకటి ఎంచుకో, రీస్టార్ట్ చెయ్.

తర్వాత నెట్ పెట్టకముందే ఇది చెయ్. నీది ప్రో కాబట్టి స్టార్ట్‌లో గ్రూప్ పాలసీ అని కొడితే ఎడిటర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్. అందులో ‘డూ నాట్ ఇంక్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్’ ఉంటుంది, 11లో ఇంకో ఫోల్డర్ లోపలికి పోవాలి. ఎనేబుల్డ్ పెట్టు. పేరులో ‘నాట్’ ఉంది కాబట్టి ఎనేబుల్ చేస్తేనే ఆగేది, చాలామంది ఇక్కడ తడబడతారు. భద్రతా ప్యాచ్‌లు మామూలుగా వస్తానే ఉంటాయి.

హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఉండదు. వాళ్లు స్టార్ట్‌లో ‘డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్’ వెతికి నో పెట్టండి. నేను చూసిన చాలా మిషన్లలో అది ఆపింది, కొన్నిట్లో ఆపలేదు. ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్లకు మాత్రం ఎవరూ టిక్కు పెట్టొద్దు.

వేదాయపాళెం గేమర్ (8.40)

అన్నా, అప్‌డేట్ సర్వీసు ఆన్ చేసినా. నాది ప్రోనే, ఆ పాలసీ పెట్టినాక అన్ని ప్యాచ్‌లూ దిగినాయి, గ్రాఫిక్స్ డ్రైవర్ కదల్లేదు. ఇంకొకటి. కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే ఫ్రేములు పెరుగుతాయని యూట్యూబ్‌లో చెప్తున్నారు. ఆపేదా?

ఒంగోలు హార్డ్‌వేర్ (8.52)

సంతోషం తమ్ముడూ. పాత ప్రాసెసర్లలో దానివల్ల కొంత వేగం తగ్గే మాట నిజమే. కానీ అది చెడ్డ డ్రైవర్ రూపంలో లోపలికి వచ్చే దొంగను ఆపే కాపలా. బ్యాంకు పనులు చేసే మిషన్లో నేనైతే ఆపను. మరీ పాత డ్రైవర్ ఎక్కనని మొరాయించినప్పుడు కూడా ఇంకో వెర్షన్ వెతుకుతానే తప్ప దాన్ని ముందే తీయను.

నెల్లూరు స్టూడియో (10.48)

రోల్ బ్యాక్ ఈసారి వెలిగే ఉందన్నా. నొక్కినా, పాలసీ పెట్టినా, నెట్ పెట్టి గంటన్నర అయింది, డ్రైవర్ అట్టాగే ఉంది. రిసెప్షన్ ఎక్స్‌పోర్టు 22 నిమిషాల్లో అయింది. ఇంకోసారి ఇట్టా కాకుండా ఈ మంచి డ్రైవర్లన్నీ ఎక్కడన్నా దాచుకోవచ్చా?

ఒంగోలు హార్డ్‌వేర్ (11.02)

దాచుకోవాలి కూడా. ఇది అందరూ చేసుకోండి. డి డ్రైవ్‌లో డ్రైవర్ల పేరుతో ఖాళీ ఫోల్డర్ ఇంగ్లిషు అక్షరాల్లో ఒకటి పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఫోన్లో చెప్పినట్టే రాస్తున్నా: పీఎన్‌పీయుటిల్ అంతా కలిపి, ఒక స్పేస్, స్లాష్ ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, స్పేస్, నక్షత్రం గుర్తు, స్పేస్, ఆ ఫోల్డర్ దారి. ఎంటర్. బయటినుంచి ఎక్కించిన డ్రైవర్లన్నీ అందులోకి కాపీ అవుతాయి. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. కావాల్సినప్పుడు అప్‌డేట్ డ్రైవర్, కంప్యూటర్‌లో వెతుకు అని ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు.

స్టూడియో తమ్ముడూ, నీ చేతిలో పనిచేసే డ్రైవర్ ఉంది, ఈ రాత్రికే చెయ్.

నెల్లూరు స్టూడియో (శుక్రవారం సాయంత్రం 6.30)

రాత్రే చేసినానన్నా, 3 జీబీ దాకా వచ్చింది. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్ కోవూరులో ఇచ్చేసి ఇప్పుడే వచ్చినా. పెళ్లికూతురు వాళ్ల నాయన టీవీకి పెట్టించి తలంబ్రాల దాకా నన్ను కదలనివ్వలేదు.

చీమకుర్తి కాటా (6.44)

నేనూ ఎక్స్‌పోర్టు చేసిపెట్టినా. ఆ ఫోల్డర్‌లో 2008ది కూడా ఉందో లేదో తెలుసుకునేది ఎట్టన్నా?

ఒంగోలు హార్డ్‌వేర్ (6.51)

ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో సబ్‌ఫోల్డర్ ఉంటుంది. కేబుల్‌దాన్లో డ్రైవర్ వివరాలుండే ఐఎన్‌ఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరువు. పైన ‘డ్రైవర్ వెర్’ అనే వరసలో తేదీ, వెర్షన్ పక్కపక్కనే ఉంటాయి. రెండు ఫోల్డర్లు ఉంటే 2008ది ఉన్నదాని పేరు ముందు ‘కాటా’ అని చేర్చి పెట్టుకో.